సున్నా యూనిట్లు

తొమ్మిదో వారం

“ఇదిగో, అత్తయ్యగారి చేత నేను పెట్టించిన ప్రతి పైసాకీ కాగితం ఇందులో ఉంది. చూసుకో. చూసుకుని, నేను దొంగనో కాదో ఇక్కడే తేల్చెయ్.”

మాస్టారు ఫైలును బల్ల మీద పడేశారు. ఆ విసురుకి గ్లాసులో నీళ్లు తొణికి పొట్టి లాప్‌టాప్ అంచుదాకా పాకాయి. ఆమె లాప్‌టాప్‌ను వెనక్కి జరుపుకుంది గాని మూయలేదు.

“దొంగ అనలేదు బావా నేను.”

“మరేమన్నావు? పోయిన ఆదివారం ఇదే బల్ల దగ్గర, పిల్లలందరూ అన్నాలు తింటుండగా, ‘బావ పెట్టించిన మూడు మ్యూచువల్ ఫండ్లలో రెండు సున్నా చూపిస్తున్నాయి’ అన్నావు. పాతికేళ్లుగా బళ్లో లెక్కలు చెబుతున్నాను. సున్నాకి అర్థం నువ్వు నాకు చెప్పక్కర్లేదు.”

పొట్టి పెదవి కొరుక్కుంది. ముప్పైఆరేళ్లొచ్చినా ఇంట్లో అందరికీ ఆమె పొట్టే. అక్క కంటే జానెడు తక్కువగా ఎదిగినందుకు చిన్నప్పుడు తగిలించిన పేరది, ఊడిరాలేదు. రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తుంది. అంకెల మధ్య చుక్క ఒక్క గడి అటు జరిగితే ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరతాడని ఆమెకు తెలుసు. అందుకే ఏ అంకెనైనా రెండుసార్లు చూస్తుంది. అమ్మ స్టేట్‌మెంటును మూడుసార్లు చూసింది.

ఆ సైటు సంగతి చెప్పింది ల్యాబులో పక్క సీటు ఆవిడ. డబ్బు కట్టక్కర్లేదు. ఫండు కంపెనీ పంపే స్టేట్‌మెంటును అందులో ఎక్కిస్తే చాలు. ఫండులో మన వాటాగా ఎన్ని యూనిట్లు ఉన్నాయో, ఇవాళ్టి ధరకి వాటి విలువెంతో, ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో అన్నీ ఒక్క పేజీ మీద పరిచి చూపిస్తుంది. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఎంత తీయాలో చూద్దామని పొట్టి ఎక్కించింది. ఈపాటికి కనీసం పందొమ్మిది లక్షలకి పెరిగి ఉండాల్సిన చోట నాలుగు లక్షల పదివేలు కనబడ్డాయి.

“అసలు ఊరికే వచ్చే సైటు మాట పట్టుకుని ఇంటి మనిషిని బోనులో నిలబెడతావా?” సోఫాలోంచి అక్క లేచింది. “ఫ్రీగా ఎవడిస్తాడే? మన గుట్టంతా లాగి ఎవరికో అమ్ముకోడానికి పెట్టుంటారు. దాంట్లో అమ్మ వివరాలన్నీ పోశావు. అది తప్పు కాదు గాని, మా ఆయనది తప్పయిపోయింది.”

“సైటు సొంతంగా ఏమీ చెప్పదక్కా. మనమిచ్చిన స్టేట్‌మెంటే చదివి చెబుతుంది. ఆ స్టేట్‌మెంటు ఫండు ఆఫీసు నుంచి వచ్చింది.”

“ఎవరి మెయిలుకి వచ్చింది?”

“అమ్మ మెయిలుకి. నువ్వే కదా తెరిచిపెట్టావు.”

అక్క మళ్లీ సోఫాలో కూలబడింది.

మాస్టారు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు. “ఏదీ, ఇటు తిప్పు.”

పొట్టి తెర ఆయన వైపు తిప్పింది. ఆయన పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు వేలు ఆనించి ఒక్కొక్క వరుసే చదివారు. మొదటి ఫండు, సున్నా. రెండో ఫండు, సున్నా. మూడోదాంట్లో మాత్రం కొంచెం మిగిలింది. వాటి కింద ఎర్ర అక్షరాల్లో నాలుగు వరుసలు. నాలుగు తేదీలు, నాలుగుసార్లు డబ్బు తీసిన గుర్తులు.

చదవడం అయిపోయినా ఆయన వేలు నాలుగో వరుస మీదే ఉండిపోయింది.

“ఇవి నేను తీసినవి కావు” అన్నారు. గొంతులో ఇందాకటి విసురు లేదు.

“పాస్‌వర్డు మీ దగ్గరే కదా ఉంది బావా.”

“పెట్టినప్పుడు నా దగ్గర ఉంది. పెట్టాక కాగితం మీద రాసి అత్తయ్యగారికిచ్చేశాను. పదేళ్లదాకా దీని జోలికి పోవద్దన్నాను. రోజూ ధర చూసుకుంటూ కూచుంటే గుండెదడ తప్ప ఏమీ రాదన్నాను. నేనూ చూడలేదు.”

“ఆరేళ్లు అయింది.”

“అవును.”

“ఆరేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదా? లెక్కల మాస్టారు అయ్యుండి?”

ఆ మాట గుచ్చుకుంది. మాస్టారు కళ్లద్దాలు తీసేశారు. తీసి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నారు.

కిటికీ పక్క కుర్చీలో పొట్టి భర్త అత్తగారి కళ్లజోడు ముందేసుకుని చిన్న స్క్రూ బిగిస్తున్నాడు. ఊళ్లో ఆయనకి కళ్లద్దాల షాపు ఉంది. ఎక్కడికెళ్లినా జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఉంటుంది, ఎవరి కళ్లజోడో ఒకటి చేతిలోకి వస్తుంది. “ఆదివారం పూట ఎందుకొచ్చిన గొడవ” అని ఒక్కసారి అన్నాడు, తల ఎత్తకుండా. మళ్లీ స్క్రూ మీదికి వంగాడు.

“మా ఆయన ఒక్క పైసా ముట్టుకున్నాడని చూపించవే” అంది అక్క. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “చూపిస్తే మళ్లీ ఈ గడప తొక్కను. చూపించలేకపోతే నువ్వేం చేస్తావో చెప్పు.”

“నేనే తీశాను.”

వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చేతిలో గరిటె. ముప్పైరెండేళ్లు ఆసుపత్రిలో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైంది. గొంతు పెంచదు. పెంచకుండానే వార్డంతా చల్లబడేదని ఆ ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గది చల్లబడింది.

“నువ్వా?” అంది పొట్టి.

“నేనే. నాలుగుసార్లూ.”

“ఎందుకమ్మా?”

“అవసరం పడింది.”

“ఎవరికి?”

“నాకు.”

“పన్నెండున్నర లక్షలమ్మా! చీర కొనమంటే రెండేళ్లు ఆలోచిస్తావు. నీకంత అవసరం ఏమొచ్చింది?”

“నా డబ్బు” అంది అమ్మ. “ముప్పైరెండేళ్లు నిలబడి సంపాదించుకున్నాను. ఇప్పుడు కూర్చుని నీకు సంజాయిషీ చెప్పుకోడానికి కాదు.”

నిలబడడం అనగానే అందరి చూపులూ ఆమె మోకాళ్ల మీదికి పోయాయి. కుడికాలు మీద బరువు ఆనకుండా గుమ్మాన్ని పట్టుకుని ఉంది. వచ్చే శుక్రవారంలోగా అడ్వాన్సు కట్టకపోతే ఆపరేషన్ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు చెప్పారు. ఖర్చు ఐదు లక్షల చిల్లర. ఉన్నది నాలుగు లక్షల పదివేలు.

“సరే, నీ డబ్బే. ఎలా తీశావు? ఫోటో పంపాలంటేనే నాకు ఫోన్ చేసి అడుగుతావు. ఫండులోంచి డబ్బు తీయడం ఎప్పుడు నేర్చుకున్నావు?”

“నేర్చుకున్నాను.”

“ఎవరు నేర్పారు?”

అమ్మ గరిటె వైపు చూసుకుంది. లోపల పొయ్యి మీద పాలు పొంగి మాడు వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

మొదట తేరుకున్నది అక్క. కొంగుతో ముఖం తుడుచుకుంది. “అమ్మ చెప్పేసిందిగా. ఇంక అయిపోయింది. ఆయనకి క్షమాపణ చెప్పు, లే.”

పొట్టి లేవలేదు. ఎందుకో ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. అమ్మ అబద్ధం చెప్పదు. కానీ అడిగినదానికి చుట్టూ గోడ కట్టి కూర్చోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. నాన్న జబ్బు సంగతి కూడా ఆఖరి నెలదాకా అలాగే దాచింది.

“అమ్మ ఎవరినో వెనకేసుకొస్తోంది” అంది. అంటూ మాస్టారి వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. ఫైలు తీసుకోలేదు.

“అత్తయ్యగారూ, ఈ ఇంట్లో డబ్బు విషయాల్లో నన్ను ఇంక పిలవకండి. ఆపరేషన్‌కి ఎంత తక్కువైందో మాత్రం చెప్పండి. జీతం మీద అప్పు తెస్తాను.”

“కూర్చోండి. కాస్త ఏమైనా తిని…” అంది అమ్మ.

“వద్దండీ.”

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. అక్క వెంటనే వెనకాల వెళ్లలేదు. వంటగదిలోకి వెళ్లింది. గుమ్మానికి అవతల అక్క ఏదో గొణుగుతుంటే, అమ్మ “ఊఁ” అనడం మాత్రం పొట్టి చెవిన పడింది. ఐదు నిమిషాల తర్వాత బయటికొచ్చి, చెల్లెలి ముఖం చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అమ్మ కళ్లజోడు కోసం అల్లుడి ముందు చెయ్యి చాచింది. అతను లేచి ఇచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

“పొట్టీ” అంది అమ్మ. “ఆ సైటులోంచి నా పేరు తీసెయ్. ఇవాళే.”

*

పొట్టి భర్త వెనక కూర్చుని బండి మీద ఇంటికి బయల్దేరింది.

“తీసెయ్యరాదూ” అన్నాడు అతను, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు. “ఆవిడే వద్దంటుంటే.”

“తీసేస్తే పోయిన డబ్బు తిరిగొస్తుందా?”

“పోయిందని ఎందుకనుకుంటావు? ఆవిడ అవసరానికి ఆవిడ వాడుకుంది.”

“ఆ అవసరం ఏమిటో మీకు తెలుసా?”

“నాకెలా తెలుస్తుంది?”

వెనకనుంచి ఒక హారన్, ఆ వెనకనుంచి ఇంకొకటి. అప్పుడు గాని అతను బండి కదిలించలేదు. దీపం ఆకుపచ్చకి మారి ఎంతసేపయిందో.

*

సోమవారం మధ్యాహ్నం ల్యాబులో అన్నం డబ్బా తెరిచి, తినకుండా పక్కకి నెట్టి, పొట్టి సైటు తెరిచింది. ‘ఖాతా తొలగించు’ అన్న మీట పేజీ అడుగున ఉంది. దాని మీద వేలు పెట్టి ఆగింది.

తీసేసే ముందు ఆ నాలుగు తేదీలూ ఒక కాగితం మీద రాసుకుంది.

మొదటిది మూడేళ్ల కిందటిది. బడులు తెరిచే నెల. దాన్ని చూస్తే ఏమీ తోచలేదు. రెండోది రెండేళ్లకి కాస్త తక్కువ. ఆ తేదీ చూస్తే మనసులో ఏదో గీరుకుంది. ఆ వారంలో ఏం జరిగింది? తనకి జ్వరం. సెలవు పెట్టి ఇంట్లో పడుకుంటే షాపులోంచి ఫోను, ఆయన గొంతులో ఎన్నడూ లేని హుషారు: “మెషిన్ దిగింది, చూద్దువుగాని రా.”

అద్దాలు కోసే మెషిన్. అంతకుముందు అద్దాలు కోయించడానికి పక్క ఊరికి పంపేవాళ్లు. వచ్చేసరికి నాలుగు రోజులయ్యేది, కస్టమర్లు విసుక్కుని వెళ్లిపోయేవారు. మెషిన్ వచ్చాక గంటలో పని. షాపు నిలబడింది దానివల్లే. కంపెనీవాళ్లే వాయిదాల మీద ఇచ్చారని, నెలకి పద్నాలుగు వేలని ఆయన చెప్పాడు.

పొట్టి ఫోను తీసింది. ఇంటి ఖర్చులకి ఆమె వాడే యాప్ వేరే ఉంది. అదీ ఊరికే వచ్చిందే. బ్యాంకు పంపే మెసేజీలు చదివి ఖర్చులు అదే రాసుకుంటుంది. మనం చేత్తో రాసిన ఖర్చుకి తగ్గ మెసేజి దొరక్కపోతే దాని పక్కన చిన్న ప్రశ్నగుర్తు పెడుతుంది. మెషిన్ వాయిదా ఆమె చేత్తో రాసేది, ఆయన చెప్పినప్పుడల్లా.

వెనక్కి జరుపుకుంటూ వెళ్లింది. ఈ నెల పద్నాలుగు వేలు, ప్రశ్నగుర్తు. కిందటి నెల, ప్రశ్నగుర్తు. ఆ ముందు నెల కూడా. ఇరవై నెలలు, ఇరవై ప్రశ్నగుర్తులు.

ఇన్నాళ్లూ అవి కళ్లబడకపోలేదు. ఊరికే వచ్చిన యాప్ కదా, అన్నీ పట్టుకోలేదేమో అని సరిపెట్టుకుంది. రోజుకి రెండొందల మంది నెత్తురు లెక్కలు రెండేసిసార్లు చూసే మనిషి తన ఇంటి లెక్క ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. ‘లెక్కల మాస్టారు అయ్యుండి?’ అని నిన్న తను అన్న మాట గుర్తొచ్చి చెంపలు వేడెక్కాయి.

మెషిన్ బిల్లు ఫోటో ఫోనులోనే ఉంది. దాని మీదున్న నంబరుకి ఫోన్ చేసింది.

“ఏం లేదండీ, మా మెషిన్ మీద ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో కనుక్కుందామని” అంది. తన గొంతు తనకే వేరేవాళ్లదిలా వినబడింది.

అటువైపు అమ్మాయి బిల్లు నంబరు అడిగింది. మీటలు నొక్కిన చప్పుడు.

“వాయిదాలేమీ లేవండి. మూడు లక్షల ఇరవై వేలు ఒకేసారి కట్టేశారు. రసీదు మళ్లీ పంపమంటారా?”

“ఏ రోజు కట్టారో చెప్పగలరా?”

చెప్పింది. కాగితం మీద రాసుకున్న రెండో తేదీకి సరిగ్గా రెండు రోజుల తర్వాత. అమ్మ తీసిన మొత్తం కూడా అంతే. మూడు లక్షల ఇరవై వేలు.

పక్క సీటు ఆవిడ తొంగి చూసింది. “ఏమిటి, అన్నం అలాగే ఉంచేశావు? ఒంట్లో బాగోలేదా?”

“లేదు, బాగానే ఉంది” అంది పొట్టి. ‘ఖాతా తొలగించు’ నొక్కలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

*

సాయంత్రం ఆరింటికి ఆమె వెళ్లేసరికి షాపులో ఒక పెద్దావిడ అద్దం ముందు కూర్చుని ఫ్రేములు మార్చి మార్చి చూసుకుంటోంది. పొట్టి స్టూలు మీద కూర్చుంది. ఆయన ఒకసారి ఇటు చూసి నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత ఆయన చేతిలోంచి ఒక ఫ్రేము జారి కిందపడింది.

“ఇది పెట్టుకుంటే మరీ పంతులమ్మలా ఉన్నానా?” అని పెద్దావిడ అడిగింది పొట్టిని.

“బాగుందండీ.”

“నీ ముఖం చూస్తే బాగున్నట్టు లేదే!” అని ఆవిడ నవ్వి, పాత ఫ్రేముకే కొత్త అద్దాలు వేయమని చెప్పి వెళ్లిపోయింది.

తలుపు మూసుకున్నాక పొట్టి మడిచిన కాగితాన్ని గాజుబల్ల మీద పెట్టింది. రెండో తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంది.

“మెషిన్ కంపెనీకి ఫోన్ చేశాను.”

అతను కాగితం చూశాడు. చూసి, తెరిచి ఉన్న సొరుగు మూశాడు. మళ్లీ తెరిచాడు.

“మీరు చెబుతారా, నేను చెప్పనా?”

“అత్తయ్యగారు చెప్పొద్దన్నారు.”

“నేను మీ పెళ్లాన్నండీ.”

“అందుకే చెప్పొద్దన్నారు.”

బయట బస్సు ఆగి కదిలింది. అరల్లో కళ్లజోళ్లన్నీ సన్నగా అదిరాయి.

“అప్పటికి షాపు మూసేద్దామనుకున్నాను” అన్నాడు అతను నెమ్మదిగా. “నీకు చెప్పలేదు. మూడు నెలల అద్దె బాకీ. ఆవిడ కళ్లు చూపించుకోడానికి వచ్చినప్పుడు ఖాళీ అరలు చూసింది. ఏమీ అడగలేదు. మర్నాడు వచ్చి, నీ ఖాతాలో వేస్తున్నాను, మెషిన్ కొనుక్కో అంది. నేను ఒద్దన్నాను. నిజంగా ఒద్దన్నాను పొట్టీ.”

“తర్వాత తీసుకున్నారు.”

“తీసుకున్నాను. ఊరికే కాదు. నెలనెలా పద్నాలుగు వేలు ఆవిడ చేతికిస్తున్నాను. ఇంక మూడు నెలల్లో తీరిపోతుంది.”

“ఇస్తున్నట్టు కాగితం ఉందా?”

“అత్తయ్యగారిని రసీదు అడుగుతానా?”

“మరి ఆ డబ్బేది? ఇరవై నెలలు ఇస్తే అమ్మ దగ్గర రెండు లక్షల ఎనభై వేలు ఉండాలి. ఆపరేషన్‌కి తక్కువైందని ఎందుకు ఊరుకుంటుంది?”

అతను తెల్లబోయాడు. ఆ సంగతి అతనికి ఇప్పటిదాకా తట్టలేదని ముఖమే చెప్పింది. లేక, తట్టనట్టు కనబడడం అతనికి చేతనవుతుందా? పదకొండేళ్ల కాపురంలో ఈ ప్రశ్న వేసుకోవడం ఆమెకి ఇదే మొదటిసారి.

“నిన్న బావని అందరి ముందూ నిలబెట్టి అడిగాను. ఆయన ముఖం పాలిపోయింది. మీరు స్క్రూ బిగిస్తూ కూర్చున్నారు.”

“నోటిదాకా వచ్చింది.”

“వచ్చి?”

“భయమేసింది” అన్నాడు. అంతే.

పొట్టికి అరవాలనిపించింది. అరిస్తే తేలికయ్యేది. కానీ అతను అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డని వేళ్ల చుట్టూ చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉంటే మామూలు గొంతుతోనే అడిగింది.

“మిగతా మూడుసార్లు కూడా మీకేనా?”

“నాకా?” అతను గబుక్కున తలెత్తాడు. “లేదు. ఒక్కసారే. నీ మీద ఒట్టు, ఒక్కసారే. అయినా అప్పటికే ఆవిడ ఒకసారి తీసింది కదా. నాకిచ్చిన రోజున చెప్పింది.”

“ఏమని?”

“నేను ఒద్దంటుంటే అంది… ‘పెద్దదానికి ఇచ్చినట్టే నీకూ ఇస్తున్నాను. దానికిచ్చి నీకివ్వకపోతే నా మనసు ఊరుకోదు’ అని.”

పొట్టి స్టూలు మీంచి లేచింది.

“పెద్దల్లుడికి అందా? పెద్దదానికి అందా?”

“పెద్దదానికి అంది. ఫోనులో తీయడం కూడా పెద్దదే నేర్పిందంది.” అతను గుడ్డని బల్ల మీద పడేశాడు. “‘మాస్టారికి తెలిస్తే ఆ ఇల్లు నిలబడదు, నువ్వూ ఎక్కడా అనకు’ అంది. అందుకే నిన్న నేను నోరు విప్పలేదు. నా సంగతి ఒక్కటే అయితే చెప్పేసేవాణ్ణేమో.”

‘చెప్పేసేవాణ్ణేమో.’ ఆ ‘ఏమో’ని పొట్టి వదిలేసింది. ఆమె చెవుల్లో అక్క గొంతు మోగుతోంది. ‘మా ఆయన ఒక్క పైసా ముట్టుకున్నాడని చూపించవే.’ కళ్లనీళ్లు పెట్టుకుని మరీ అంది. ఒక్క అక్షరం అబద్ధం లేదందులో. మా ఆయన అంది. మేము అనలేదు, నేను అనలేదు.

అంత డబ్బు అక్కకెందుకు? బంగారం కొన్నట్టు లేదు. ఇల్లు మారలేదు. మాస్టారి జీతంతో గుట్టుగా నడిచే సంసారం. పిల్లల ఫీజులకా? అయితే మాస్టారికి దాచడమెందుకు? ఎటునుంచి చూసినా లెక్క తేలలేదు.

గాజుబల్ల మీద ఫోను మోగింది. బావ.

ఇద్దరూ ఆ పేరు వైపే చూస్తూ నిలబడ్డారు. ఆగిపోతుందేమో అనుకున్నప్పుడు పొట్టి ఎత్తింది.

“పొట్టీ, కోప్పడ్డానికి చెయ్యలేదు” అన్నారు మాస్టారు. గొంతు అలసిపోయి ఉంది, మెత్తగా కూడా ఉంది. “నిన్న నువ్వన్నదాంట్లో తప్పు లేదు. ఆరేళ్లు చూడకపోవడం నా తప్పే. బళ్లో పిల్లలకి జవాబు సరిచూసుకోండర్రా అని రోజూ చెబుతాను.”

“బావా, నేను…”

“విను. ఆ సైటు ఏదో నేనూ తెరిచాను. పొద్దున్నుంచీ కూచుని నా పేరున ఉన్నవన్నీ ఎక్కించాను. భలేగా ఉంది. ఇప్పటికైనా అన్నీ ఒకచోట కనబడాలి, ఎవరి మనసులోనూ ఏమీ మిగలకూడదు. మీ అక్క పేరున రెండు ఖాతాలున్నాయి. అవీ ఎక్కిద్దామంటే పాస్‌వర్డు మర్చిపోయానంటోంది. తలనొప్పి అంటోంది. పోనీ స్టేట్‌మెంటు తెప్పించుకుందామంటే, పిచ్చి సైటు, మన వివరాలు ఇవ్వొద్దని పోట్లాడుతోంది. ఇందులో నాకంటే నీకే బాగా తెలుసు. రేపు సాయంత్రం వచ్చి ఒక్క అరగంట కూర్చుంటావా? నువ్వు చెబితే వింటుంది.”

పొట్టి భర్త వైపు చూసింది. మాటలు అతనికీ వినబడుతున్నాయి. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“ఎవరితోనండీ?” అని ఫోనులో వెనకనుంచి అక్క గొంతు.

“పొట్టితో. రేపు రమ్మంటున్నాను.”

గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు. దగ్గరవుతున్న అడుగులు. “ఇలా ఇవ్వండి, నేను మాట్లాడతాను” అన్న మాట. ఫోను చేయి మారింది. తలుపు ఒకటి మూసుకుంది.

గడియ వేసిన చప్పుడు.

“పొట్టీ” అంది అక్క, గొంతు బాగా తగ్గించి. “నీకు ఎంతవరకు తెలుసు?”

నిన్నటి కోపం లేదు ఆ గొంతులో. చిన్నప్పుడు అమ్మ డ్యూటీ నుంచి వచ్చేలోపు పగిలిన కప్పు ముక్కలు ఏరుతూ ‘చెప్పకే’ అన్న అక్క గొంతు అది. అప్పుడు పొట్టి చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు.

“నాలుగింటిలో ఒకటి తెలుసు” అంది పొట్టి. “మిగతా మూడూ నువ్వు చెప్పు.”

అక్క ఫోను పెట్టెయ్యలేదు.

మూసిన తలుపుకి అవతలనుంచి మాస్టారు అడుగుతున్నారు, ఎంతో ఆశగా: “ఏమంటోంది? వస్తానంటోందా?”